రెండు కొసలు

వల్పరైసో కొండమీద మే నెల రాత్రి.
కింద రేవులో ఓడలు మంచులోంచి దగ్గుతున్నాయి.
రొసౌరా కిటికీని ఆనుకునే కేబుల్ బండి పట్టాలు.
ఒక పెట్టె పైకొస్తే ఒక పెట్టె కిందికి పోవాలి,
నడుమ ఒక్కటే మోకు.

ఆమె బల్లమీద ఒక కంప్యూటరు.
అందులో రెండు వర్చువల్ మెషీన్లు.
ఉన్నాయంటే ఉన్నాయి. ఇనుము లేదు, మర లేదు,
తామున్నామని నమ్మే రెండు నమ్మకాలు.
సాల్, లిమోన్ అని పేర్లు పెట్టింది,
ఉప్పూ నిమ్మకాయా. ఆ పూట ఆకలిమీద ఉంది మరి.

రెంటికీ మధ్య వేలెడు దూరం లేదు,
ఒకే జ్ఞాపకంలో పక్కపక్క గదులు.
అయినా సాల్ ఒక మాటంటే
అది గుమ్మం దిగి, నడవా దాటి,
వంతెన దగ్గర వరుసలో నిలబడి
ఎవరి తాలూకు, ఏ వీధి, ఏ ఇల్లు అని అడిగించుకుని
చొక్కా మార్చుకుని, ముద్ర కొట్టించుకుని
అప్పుడు చేరేది పక్కగదికి.
గోడకవతల మనిషికి
తపాలాలో ఉత్తరం వేసినట్టు.

మూడు రాత్రులు ఆ ఆలస్యాలు లెక్కపెట్టింది.
నాలుగో రాత్రి వంతెన పీకేసింది.

గోడలో ఒక గూడు తొలిచింది,
రెండువైపులా తలుపున్న గూడు.
ఇటు సాల్ పెడుతుంది, అటు లిమోన్ తీసుకుంటుంది.
చిరునామా రాయబోయి ఆగింది.
రెండే కొసలున్న తాడుకి చిరునామా దేనికి?
నేను కానిది నువ్వే.

నాలుగొందల మైక్రోసెకన్లు నడిచొచ్చే మాట
ఇరవైరెండులో వచ్చి వాలింది.
ఆమె కళ్లు తుడుచుకుంది,
నమ్మక, కళ్లద్దాలు తుడిచింది.

అప్పుడే తలుపు తట్టాడు దోన్ ఎవరిస్తో,
బండి మెకానిక్కు, గ్రీజు చేతుల్లో ఖాళీ ఫ్లాస్కు.
వేడినీళ్ల కోసం వచ్చి తెరకేసి చూశాడు.
"మధ్యలో ఎవరుంటారు?"
"ఎవరూ ఉండరు."
"మంచిదే. ఒకటి చస్తే రెండోదానికి చెప్పేదెవరు?"

నవ్వుతూనే లిమోన్‌ను ఆపేసింది, చూపిద్దామని.
సాల్ మాట్లాడుతూనే ఉంది.
గూట్లో పెట్టింది, ఇంకోటి పెట్టింది,
పాతమాట మీద కొత్తమాట కుక్కింది.
పచ్చదీపం పచ్చగానే ఉంది.
రొసౌరా నవ్వు మానేసింది.

ముసలాయన ఆమెను గిలక గదికి తీసుకెళ్లాడు.
చేంతాడు గిలక కాదది, మనిషి ఎత్తుకి మూడింతలు.
ఆగి ఉన్న మోకుమీద ఆమె అరచెయ్యి ఆనించాడు.
"పెద్ద భూకంపం నాడు నేనిక్కడున్నాను.
ఫోను చచ్చింది, కేకేస్తే దుమ్ము జవాబు చెప్పింది.
కింది పెట్టెలో ఉలీసెస్, నాకు పన్నెండు పేసోలు బాకీ.
చేతికింద మోకు వదులైంది.
అంతే. ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది."
"పోయాడా?"
"కాలు విరిగింది. బతికాడు.
బాకీ తీర్చలేదు, అది వేరే కథ."

తిరిగొచ్చి ఆమె రాసింది చాలా కొంచెం.
గూట్లో ఒక మూల, ఆవగింజంత చోటు.
అక్కడ మాటలుండవు, బిగువుంటుంది.
ఈ కొస చెయ్యి వదిలితే
ఆ కొస చేతికి తెలుస్తుంది.
ఇరవైరెండు ఇరవైమూడైంది.
ఆ పెరిగిన ఒక్కటీ పుస్తకంలో
మోకు ఖర్చు అని రాసుకుంది.

తెల్లారుతుండగా లిమోన్‌ను మళ్లీ ఆపింది.
సాల్ నోటిదాకా వచ్చిన మాట మింగి
దీపం ఆర్పుకుని
ఎదురుచూడ్డం మొదలుపెట్టింది.

టీ చల్లారిపోయింది.
కిటికీ పక్కనుంచి పై పెట్టె కిర్రుమని కదిలింది,
లోపల ఎవరూ లేరు.
అంటే కిందినుంచి
ఎవరో వస్తున్నారు.